గొట్టం మారింది, మరి గురి?

"గురి" అన్న మాటను తెలుగువాడు రెండు సందర్భాలలో వాడుతాడు. విల్లో, వడిసెలో, తుపాకో చేతబట్టినప్పుడు ఒకటి. ఒక మనిషి మీద నమ్మకం ఏర్పడినప్పుడు రెండవది. "ఆ వైద్యుని మీద నాకు గురి కుదిరింది" అంటాము. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఎలా ఇమిడినవో నిఘంటుకారులు చెప్పాలి గాని, తుపాకీ విషయంలో మాత్రం అవి నిజంగానే ఒకటి. చూసిన చోట తూటా తగులుతుందన్న నమ్మకం లేనిదే అక్కడ గురి లేదు.

ఆంగ్లేయులు ఈ స్థితికి "జీరో" అని పేరు పెట్టుకున్నారు. దుర్భిణి మీది తిరుగుడు బిళ్ళ సున్న దగ్గర నిలిచి ఉండగా, నిర్ణీతమైన దూరంలో, కంటికి ఆనిన బిందువు మీదనే తూటా పడితే ఆ తుపాకీకి సున్న కుదిరినట్లు. ఈ టపా ఆ సున్న గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, తుపాకీకి ఒక గొట్టం తీసి ఇంకొక గొట్టం బిగించినప్పుడు ఆ సున్న ఏమవుతుందన్న ప్రశ్న గురించి.

కవిత్వం, వ్యాకరణం చర్చించుకునే మన గుంపులో ఇదేమి వస్తువు అని మిత్రులు ముక్కున వేలు వేసుకోవచ్చు. మాది రామాయంపేట. 44వ నంబరు జాతీయ రహదారి ఒడ్డున, లారీల షెడ్ల మధ్య పెరిగినవాణ్ణి. చక్రం విప్పి బిగించిన తరువాత లారీ ఒక పక్కకు లాగడం, దాన్ని మేస్త్రీ తిట్టుకుంటూ సరిచేయడం చిన్నప్పటినుంచీ చూసిన దృశ్యం. పోచారం అడవి మాకు దగ్గర. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి అది. మా మేనమామ సైన్యంలో ఆయుధాలు మరమ్మతు చేసే విభాగంలో పనిచేసి వచ్చినవాడు. ఆయన మాట్లాడే ఏ విషయమైనా పది నిమిషాల్లో బ్రెన్ గన్ను దగ్గరకు చేరేది. కనుక ఈ విద్య నాకు పుస్తకాల ద్వారా కంటే ముందు అరుగు మీద కూర్చుని విన్న మాటల ద్వారా అబ్బింది.

ఇప్పుడు అసలు సంగతి. గడచిన రెండు దశాబ్దాలుగా దూరలక్ష్య రైఫిళ్ళ తయారీదారులు ఒక సౌకర్యాన్ని గట్టిగా ప్రచారం చేస్తున్నారు. ఒకే తుపాకీ; దానికి రెండో మూడో గొట్టాలు; ఒకటి రెండు మరలు వదులు చేస్తే పాతది ఊడి వస్తుంది, కొత్తది దూర్చి బిగిస్తే నిమిషాల్లో పని పూర్తి. "సున్న మళ్ళీ అక్కడికే వస్తుంది" అని పక్కనే ఒక హామీ. అమెరికా సైన్యపు ప్రత్యేక దళాలు 2019లో బారెట్ సంస్థవారి ఎమ్మార్‌ఏడీ రైఫిలును ఈ సౌకర్యం కోసమే ఎంచుకున్నవి. ఎంకే 22 అని దానికి వారు పెట్టుకున్న పేరు. శిక్షణకు ఒక గొట్టం, దూరానికి మరొకటి, అంతకంటే దూరానికి ఇంకొకటి. ఆలోచన గొప్పదే. యంత్రం కూడా గొప్పదే. హామీ మీదనే నాకు పేచీ. గొట్టం మార్చిన తరువాత కనీసం నాలుగైదు తూటాలు కాల్చి చూడకుండా "గురి ఉన్నది" అని చెప్పే అధికారం ఎవరికీ, ఏ యంత్రానికీ లేదని నా అభిప్రాయం. ఇది చాదస్తంగా కనబడవచ్చు. ఎందుకు కాదో చెబుతాను.

ముందుగా కొంచెం లెక్క. గొట్టం పొడవు 60 సెంటీమీటర్లు అనుకుందాము. బిగించేటప్పుడు దాని మూతి, ఉండవలసిన చోటినుంచి 0.06 మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాము. అంటే ఒక తల వెంట్రుక మందం. ఆ వెంట్రుక 100 మీటర్ల దూరంలో ఒక సెంటీమీటరు అవుతుంది. 1000 మీటర్ల దూరంలో పది సెంటీమీటర్లు. గొట్టం కుదురుకునే చోట ఒక ఇసుక రేణువు, ఒక నూనె పొర, మరను ఒకసారి గట్టిగా, ఇంకొకసారి కొంచెం మెత్తగా తిప్పిన చేయి, వీటిలో ఏ ఒక్కటైనా ఆ వెంట్రుకను సృష్టించగలదు. అందుకే ఇలాంటి రైఫిళ్ళతో పాటు బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచిని కూడా ఇస్తారు. మా ఊరి షెడ్డులో చక్రం నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించే పద్ధతికీ, దీనికీ మూలసూత్రం ఒకటే: ఒత్తిడి ప్రతిసారీ సమానంగా పడాలి.

ఇక గొట్టానికీ తుపాకీ ఒంటికీ మధ్య సంబంధం. పాత పద్ధతిలో గొట్టం మడమకు మరచుట్లు ఉంటాయి. దాన్ని ఒంట్లోకి తిప్పి బిగిస్తారు. అది పనిమంతుడి చేతిలో, పనిముట్లతో జరగవలసిన పని. తూటా కూర్చునే గదికీ, దాని వెనుక మూసే బోల్టు ముఖానికీ మధ్య ఎడం ఎంత ఉండాలో గేజీలు పెట్టి కొలవాలి. ఎక్కువైతే తొడుగు చిట్లే ప్రమాదం, తక్కువైతే బోల్టు మూసుకోదు. కొత్త పద్ధతి రైఫిళ్ళు అనేకం ఈ చిక్కును తెలివిగా దాటినవి. బోల్టు తాళం పడే భాగాన్ని గొట్టానికే అతికించి ఇస్తారు. కనుక ఆ ఎడం గొట్టంతోనే వస్తుంది, గొట్టంతోనే పోతుంది. భద్రత విషయంలో ఇది నిజమైన ముందడుగు. దీనికి చేతులెత్తి నమస్కరిస్తాను. కాని ఎడం కుదిరినంత మాత్రాన గురి కుదరదు. ఈ రెంటినీ కలిపి చెప్పడంలోనే వ్యాపారస్థుల చాతుర్యం ఉన్నది.

"సున్న మళ్ళీ వస్తుంది" అన్న వాక్యంలో రెండు వేర్వేరు వాగ్దానాలు దాగి ఉన్నవి. ఒకటి: ఇదే గొట్టాన్ని విప్పి, ఇదే గొట్టాన్ని తిరిగి బిగిస్తే, తూటాలు మునుపు పడిన చోటికి దగ్గరగా పడతాయి. మంచి రైఫిలుకు ఇది చాలావరకు నిజం. రెండు: వేరొక గొట్టం బిగించినా గురి అదే. ఇది ఎన్నటికీ నిజం కానేరదు. ఏ రెండు గొట్టాల రంధ్రాలూ అచ్చు గుద్దినట్లు ఒకే దారిన పోవు. వాటి బరువు వేరు, కంపనం వేరు, తూటా వేరైతే వేగమూ వేరు. అక్కడ ఉండేది సున్న కాదు, రెండు సున్నల మధ్య తేడా. "ఈ గొట్టానికి పైకి ఇన్ని గీతలు, ఎడమకు ఇన్ని గీతలు" అని ఒకసారి కాల్చి, రాసి పెట్టుకుని, మళ్ళీ బిగించినప్పుడు ఆ అంకెల దగ్గరనుంచి మొదలుపెట్టవచ్చును. మొదలుపెట్టవచ్చును అంటున్నాను, ముగించవచ్చునని కాదు.

మన అంగడివారికి ఈ రహస్యం ఏనాడో తెలుసు. తక్కెడ ఒక సిబ్బి మార్చిన కోమటి సరుకు తూచే ముందు ఖాళీ తక్కెడ పైకెత్తి ముల్లు చూస్తాడు. తేలిన పక్కన చిన్న రాయో, చింతగింజో కడతాడు. దాన్ని పాసంగం అంటారు. కొత్త సిబ్బి పాతదానితో సమానమైన బరువని కంసాలి ప్రమాణం చేసినా సరే, ఎత్తి చూడకుండా తూచితే కొనేవాడు ఒప్పుకోడు. తుపాకీ విషయంలో మాత్రం కంసాలి ప్రమాణమే చాలునని మనమెందుకు అనుకోవాలి?

గురి చూసే సాధనం ఎక్కడ ఉన్నదన్నది ఈ చర్చలో అత్యంత ముఖ్యమైన అంశం. ఇక్కడ మా మామ బ్రెన్ గన్నును పిలవక తప్పదు. చెకోస్లొవేకియావారి నమూనా మీద ఇంగ్లండువారు తయారు చేసిన తేలికపాటి మిషన్ గన్ను అది. బ్రనో ఊరి పేరులోని రెండక్షరాలు, ఎన్‌ఫీల్డు ఊరి పేరులోని రెండక్షరాలు కలిపితే బ్రెన్ అయింది. మన సైన్యంలో దాని 7.62 మిల్లీమీటర్ల రూపం చాలాకాలం సేవ చేసింది. అదే పనిగా కాలిస్తే గొట్టం ఎర్రగా కాలిపోతుంది కనుక, పక్కన ఇంకొక గొట్టం సిద్ధంగా ఉంటుంది. పిడి పట్టుకుని, మీట ఎత్తి, తిప్పి తీసి, రెండవది పెట్టడం క్షణాల పని. అయితే బ్రెన్ రూపకర్తలు ఒక దూరాలోచన చేసినారు. ముందరి సైటును గొట్టానికే అమర్చినారు. ఒక్కొక్క గొట్టానికి దాని సైటు దానిదే. ముందే దేనికది కాల్చి సరిచూసి ఉంచుతారు. యుద్ధం మధ్యలో గొట్టం మారినప్పుడు, గొట్టంతో పాటు దాని దిద్దుబాటు కూడా మారుతుంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ అమెరికావారి ఎం60. దానికీ గొట్టం మార్చవచ్చును. సైటు గొట్టం మీదనే ఉన్నది కూడా. కాని ఆ ముందరి సైటును కదిలించే ఏర్పాటు లేదు. కనుక గొట్టం మార్చినప్పుడల్లా వెనుక సైటును మళ్ళీ దిద్దుకోవాలి. రెండు గొట్టాల దిద్దుబాట్లూ సైనికుడు బుర్రలో పెట్టుకోవాలి. తుపాకులు పేలుతున్న చోట బుర్రలో అంకెలు నిలుస్తాయా? అన్నీ సరిగా చేసి ఒక చిన్న మర పెట్టడం మరచిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వేట రైఫిళ్ళలో బ్రెన్ మార్గాన్ని పట్టుకున్నది జర్మనీకి చెందిన బ్లేజర్ సంస్థ. 1993లో వచ్చిన వారి ఆర్93 లోను, తరువాత వచ్చిన ఆర్8 లోను దుర్భిణి తుపాకీ ఒంటి మీద కూర్చోదు, గొట్టం మీద కూర్చుంటుంది. గొట్టానికొక దుర్భిణి పెట్టుకుంటే, ఆ రెండూ కలిసి ఒక కుటుంబంలా విడిపోకుండా తిరుగుతాయి. ఖర్చెక్కువ. కాని దానిలో నిజాయితీ ఎక్కువ అని నా లెక్క. ఒంటి మీద దుర్భిణి, కింద మారే గొట్టాలు అన్న ఏర్పాటులో దుర్భిణి ఒక ఇంట్లో, రంధ్రం ఇంకొక ఇంట్లో కాపురముంటాయి. మధ్యన ఉన్న గోడ ఆ మరలే.

మన మెతుకుసీమకు ఈ విషయంతో సాక్షాత్తూ చుట్టరికం ఉన్నది. 1984లో ఎద్దుమైలారంలో స్థాపించిన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో 1987నుంచి "సారథ్" పోరాట వాహనాలు తయారవుతున్నవి. 2016 జిల్లాల విభజనలో ఆ ఊరు సంగారెడ్డికి పోయింది, 2021లో కర్మాగారమే కొత్త కంపెనీ గొడుగు కిందికి పోయింది, కాని పేరులో మెదక్ మిగిలింది. సారథ్ బురుజు మీద ఉండే 30 మిల్లీమీటర్ల ఫిరంగిని "మెదక్ గన్" అనే పిలుస్తారు. దాని నౌకా రూపాన్ని మన గస్తీ ఓడల మీద కూడా అమర్చినారు. ఊరి పేరు పెట్టుకుని సముద్రం మీదికి పోయిన వస్తువులు మా ప్రాంతంనుంచి ఎక్కువ లేవు లెండి.

అలాంటి ఫిరంగికి గొట్టం మార్చినప్పుడు "అక్కడికే వస్తుంది" అని ఎవరూ అనరు. గొట్టం మూతిలో ఒక చూపు గొట్టం పెట్టి, రంధ్రంలోనుంచి దూరంగా ఉన్న ఒక గుర్తును చూస్తారు. అదే గుర్తు మీదికి బురుజులోని సైటును తెచ్చి కలుపుతారు. రంధ్రం చూపు, కంటి చూపు ఒకచోట కలిసిన తరువాతనే తూటా మాట. కొన్ని యుద్ధ ట్యాంకులకైతే గొట్టం కొసన చిన్న అద్దం పెట్టి, ఎండకు, వేడికి గొట్టం ఎంత వంగిందో లోపలినుంచే చూసుకునే ఏర్పాటు ఉంటుంది. బండెడు ఇనుమును కూడా నమ్మని శాస్త్రం, వేలెడు లావు గొట్టాన్ని గుడ్డిగా నమ్మమని ఎలా చెబుతుంది?

ఇప్పుడు ఈ టపా రాయడానికి కారణమైన విషయానికి వస్తాను.

నా మేనకోడలు పాఠశాలలో ఉన్నప్పుడు, కొన్నేళ్ళ కిందట, ఒక శిక్షణ శిబిరానికి పోయింది. ఏ సంస్థ, ఏ ఊరు అన్నది అనవసరం. పాయింట్ టూటూ రైఫిళ్ళు. మనిషికి ఐదు తూటాలు. ఆ పిల్లకిచ్చిన రైఫిలు అంతకు కొద్దిరోజుల ముందే గొట్టం మార్పించుకుని మరమ్మతు నుంచి తిరిగి వచ్చినది. మార్చిన తరువాత దానితో ఎవరూ కాల్చి చూడలేదు. చూడటానికి తూటాలు మంజూరు కాలేదట. ఆమె కాల్చిన ఐదు తూటాలూ ఒక రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడినవి. పడినది మాత్రం నల్లని వలయానికి బయట, కింద కుడి మూలన. కాగితం మీద మార్కులు లెక్కగట్టినారు. సున్న. ఎంపిక కాలేదు.

తుపాకీ తెలిసినవారికి ఆ కాగితం రెండు సంగతులు వేర్వేరుగా చెబుతుంది. ఐదు రంధ్రాలు ఎంత దగ్గరగా ఉన్నవన్నది కాల్చిన చేతి గురించి చెబుతుంది. ఆ గుంపు ఎక్కడ ఉన్నదన్నది తుపాకీ గురించి చెబుతుంది. చేయి వణికితే గుంపు చెదురుతుంది; గొట్టం పక్కకు కూర్చుంటే గుంపు చెదరదు, జరుగుతుంది. మా మామ ఆ కాగితాన్ని దీపం ముందు పెట్టి చాలాసేపు చూసినాడు. "ఈ పిల్ల చెయ్యి ఇనుప చెయ్యి అల్లుడా. గొట్టం మార్చినంక ఒక్క గోలీ కాల్చి సూడకుంట పిల్లల చేతికిచ్చినోనికి వెయ్యాలె ఈ సున్న" అన్నాడు. ఆ సున్న ఎవరికీ వేయలేదు. పిల్ల ఆ తరువాత తుపాకీ ముట్టలేదు. ఇప్పుడు వేరే చదువులో ఉన్నది, బాగానే ఉన్నది. ఆ కాగితం నా దగ్గర ఉన్నది.

ఇక్కడ గగన్ నారంగ్‌ను తలచుకోక తప్పదు. హైదరాబాదులో పెరిగి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 మార్కులతో పది మీటర్ల ఎయిర్ రైఫిలులో కాంస్యం తెచ్చినాడు. అంతకుముందు 2008 బీజింగ్‌లో ఆయన ఫైనలుకు చేరకుండా ఆగిపోయినది మార్కులు సమానమైన తరువాత చేసే కౌంట్‌బ్యాక్ లెక్కలో. ఆ ఆటలో పదికి గుర్తైన చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. కొడుకుకు సొంత రైఫిలు కొనడానికి తండ్రి స్థలం అమ్మినాడని పత్రికల్లో చదివినాము. సొంత రైఫిలు అంటే ఆడంబరం కాదు. దాని సున్న ఎక్కడున్నదో నిన్న సాయంత్రం తనకు తెలుసు, ఈ ఉదయం కూడా తెలుసు అన్న ధైర్యం. అమ్మడానికి స్థలం లేని ఇళ్ళ పిల్లలు ఎవరో బిగించిన గొట్టంతో, ఎవరూ చూడని సున్నతో పోటీకి నిలబడతారు.

అదే బీజింగ్‌లో బంగారు పతకం గెలిచిన అభినవ్ బింద్రా తన ఆత్మకథలో ఒక విషయం చెప్పినాడు. ఫైనలుకు ముందు కాల్చే సరిచూపు షాట్లలో తన రైఫిలు గురి బాగా చెదిరి ఉన్నట్లు తెలుసుకుని, ఉన్న కొద్ది నిమిషాల్లోనే దిద్దుకున్నాడట. తరువాత ఫైనలులో 104.5 కాల్చి, చివరి షాటుకు 10.8 సాధించి, మన దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చినాడు. ఆ సరిచూపు షాట్లే లేకపోతే? లెక్కలోకి రాని ఆ కొన్ని షాట్ల వల్లనే లెక్కలోకి వచ్చేవి దక్కినవి. పోటీ నియమావళి వాటిని దయతో ఇవ్వలేదు, ఆటలో భాగంగా ఇచ్చింది. ఊళ్ళలో జరిగే ఎంపికల్లో మాత్రం వాటిని వృథా ఖర్చుగా చూస్తున్నారు.

నాకు ఎదురుచెప్పేవారి వాదన తెలియనిది కాదు. తూటాలు ఖరీదు, అవి లెక్క చెప్పవలసిన వస్తువులు. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ భాగం కూడా ఆయుధమే. అంటే విడి గొట్టం ఒకటి ఇంట్లో ఉన్నా దానికి లెక్క ఉండవలసిందే. కనుక ఎవరికి పడితే వారికి గొట్టాలు మార్చుకునే సరదా ఇక్కడ లేదు, ఉండకపోవడమే మంచిదని నా మతం. కాని మార్పు జరిగే చోట్లు ఉన్నవి గదా: శిక్షణ సంస్థలు, క్రీడా సంఘాలు, పోలీసుల ఆయుధాగారాలు. గొట్టం ధర, మరమ్మతు కూలి, రవాణా ఖర్చు అన్నిటికీ పద్దు ఉన్నది. సరిచూడటానికి పది తూటాలకు పద్దు లేదు. పెళ్ళికి పందిరి వేసి, అరుంధతిని చూపించడానికి సమయం లేదన్నట్లు.

"ఆధునిక యంత్రాలు అంత కచ్చితం, మీది పాతకాలపు అనుమానం" అనేవారు కూడా ఉన్నారు. ఆ యంత్రాలను నిజంగా వాడేవారిని చూడండి. వారి దగ్గర గొట్టానికొక పుస్తకం ఉంటుంది. ఎన్ని తూటాలు కాల్చినారు, ఎప్పుడు శుభ్రం చేసినారు, చల్లని గొట్టంతో మొదటి తూటా ఎక్కడ పడింది, శుభ్రం చేసిన తరువాత ఎన్ని కాలిస్తే గుంపు కుదురుకున్నది, అన్నీ రాసుకుంటారు. చల్లని గొట్టపు మొదటి తూటా మిగిలినవాటికి దూరంగా పడటం చాలా రైఫిళ్ళకు ఉన్న జబ్బే. హామీని అందరికంటే తక్కువ నమ్మేది ఆ హామీ మీద డబ్బు పెట్టినవారే.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. గొట్టం మారిన ప్రతి రైఫిలుకూ ఒక అట్టముక్క కట్టాలి. దాని మీద గొట్టం అంకె, బిగించిన తేదీ, బిగింపు బలం, సరిచూసిన దూరం, తూటా రకం, గుంపు పడిన చోటు, చేసిన దిద్దుబాటు, చూసినవారి సంతకం ఉండాలి. సంతకం లేని రైఫిలును ఎంపిక పరీక్షకు వాడకూడదు. ఇక మార్కుల పట్టికలో రెండు గళ్ళు ఉండాలి: గుంపు ఎంత దగ్గరగా ఉన్నది, కేంద్రానికి ఎంత దూరంగా ఉన్నది. మొదటి గడి చూసి పిల్లను, రెండవది చూసి రైఫిలును లోపలికి పిలవవచ్చును.

చివరగా మిత్రులకు ఒక మనవి. "జీరో" అన్న మాటకు తెలుగులో ఏమనాలో నాకు ఇంకా తేలలేదు. "సున్న" అంటే మార్కుల సున్నతో కలిసిపోతుంది. ఎలాంటి గందరగోళమో పైన చూసినారు. "గురి కుదురు" బాగుంది గాని పొడుగు. పాసంగం నాకు ఎక్కువ నచ్చింది. కాని పట్నపు పిల్లలకు తక్కెడే తెలియదు, పాసంగం ఏమి తెలుస్తుంది? వేటగాళ్ళ వాడుకలోనో, పాత సైనికుల నోటనో ఇంకేదైనా మాట విన్నవారుంటే వ్యాఖ్యలో రాయండి. ఏ ఊరి మాటో కూడా రాయండి.